ఏ ఫిల్టరు కొనమంటారు మేడమ్?

నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయిన మనిషినని ఈ శీర్షిక నాకు అప్పగించారు. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాటతో ముగిశాయి: ‘ఏ ఫిల్టరు కొనమంటారు మేడమ్?’ నేను ఏ కంపెనీ పేరూ చెప్పను. మొహమాటం వల్ల కాదు. మీ నీళ్లలో ఏముందో తెలియకుండా ఫిల్టరు చెప్పడమంటే, జబ్బేమిటో అడక్కుండా మందుల షాపతను మాత్రలు చేతిలో పెట్టడం లాంటిదే. మరిగిస్తే చచ్చే మలినాలు వేరు, మరిగిస్తే ఇంకా చిక్కబడేవి వేరు. బ్లీచింగుకు లొంగేవి ఉన్నాయి, దాన్ని లెక్కచేయనివీ ఉన్నాయి. అందుకే ప్రతి ఉత్తరంలోనూ నేను ముందు వెతికేది ఒకటే: ఈ నీళ్లలోకి ఏది, ఎటు నుంచి వచ్చింది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇంటికి మిషన్ భగీరథ నల్లా ఉంది. కానీ మా మామగారు ఆ నీళ్లు మందు వాసన కొడుతున్నాయని పొలం దగ్గరి బోరు నీళ్లే తెప్పించుకుంటారు. ‘ఇవి తియ్యటి నీళ్లు, వీటికేం రోగం’ అంటారు. మా బాబుకు ఆరేళ్లు. తాతతో పాటు అవే తాగుతున్నాడు. కాచి ఇస్తే సరిపోతుందా?

ముందు బాబుకు ఆ నీళ్లు ఆపేయండమ్మా. మిగతా జవాబు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

మీ వైపు చూసుకోవాల్సింది ఫ్లోరైడ్. అది ఎవరో తెచ్చి కలిపింది కాదు. మీ నేల కింది గ్రానైటు రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. చేదబావుల కాలంలోనూ ఈ బాధ ఉంది. బావులు ఎండి, బోరు మీద బోరు వేస్తూ లోతుకు పోయినకొద్దీ ఇంకా పెరిగింది.

‘తియ్యటి నీళ్లు’ అన్న మాట దగ్గర ఆగుదాం. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పైగా నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి అడుగుకు దిగుతుంది. కాల్షియం తక్కువున్న నీళ్లలోనే అది తేలిగ్గా పేరుకుంటుంది. అంటే సబ్బు బాగా నురగొచ్చి, పప్పు తొందరగా ఉడికి, నోటికి హాయిగా అనిపించే బోరు నీళ్లే తరచుగా ఫ్లోరైడ్ పరీక్షలో ఫెయిలవుతాయి. మీ మామగారి నాలుక అబద్ధం చెప్పడం లేదు, ఆ పని నాలుకది కాదంతే.

మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు లేనే లేవంటే 1.5 వరకు ఓర్చుకోవచ్చు. కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. అంటే మీరు మంచి చేస్తున్నాననుకుంటూ ఇంకాస్త చిక్కటి ఫ్లోరైడ్ ఇస్తున్నట్టు. సుమారు ఎనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల శాశ్వత దంతాలు చిగురు లోపల తయారవుతుంటాయి. ఆ వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే పళ్ల మీద సుద్దలాంటి తెల్లచారలు, తర్వాత గోధుమరంగు గార వస్తాయి. అది తోమితే పోయే గార కాదు. పెద్దవాళ్లకు పళ్లు మారవు కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్లో చేరుతుంది. మెడ తిరగదు, నడుం వంగదు, మోకాళ్లు బిగుసుకుంటాయి. వాతం నొప్పులనుకుని మాత్రలు మింగుతుంటారు. ఎముక వంగాక దాన్ని తిరిగి నిలబెట్టే మందు లేదు.

మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి వైపు పల్లెల్లో. నల్లగొండలో 1945 నాటికే బయటపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసింది సరే, జిల్లాకు మంచినీళ్లు మాత్రం చాలాకాలం రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. గెలవాలని కాదు, బ్యాలెట్టు పత్రం పుస్తకమంత అయితేనైనా మా నీళ్ల గోడు ఢిల్లీకి వినపడుతుందని. అంత గోల తర్వాత ఇంటి ముందుకు వచ్చిన కృష్ణా నీళ్లను ‘మందు వాసన’ అని వద్దంటే నాకు కోపం రాదూ?

ఆ వాసన క్లోరిన్‌ది. దారిలో క్రిములు చేరకుండా కొంత మిగిలేలా కలుపుతారు. వాసన ఉందంటే నీళ్లు భద్రంగా వచ్చాయని గుర్తు. బిందెలో పట్టి, పలచటి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచండి, పొద్దుటికి తగ్గిపోతుంది. మామగారికి అలా ఇచ్చి చూడండి. అన్నం, పప్పు కూడా నల్లా నీళ్లతోనే వండాలి, వంటలో పోసిన నీళ్లూ తాగినట్టే లెక్క. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక బోరు నీళ్లతో రోజంతా టీ తాగే అలవాటుంటే తగ్గించమనండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు, పొలానికి వాడుకోండి.

ప్రశ్న: మాది గుంటూరు వైపు ఒక చిన్న పట్టణం. వానలు మొదలయ్యాక మా వీధిలో వరసగా పచ్చకామెర్లు వస్తున్నాయి. కుళాయి నీళ్లు చూస్తే శుభ్రంగానే ఉన్నాయి. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి పరీక్ష చేసి బాగున్నాయన్నారు. మరి జబ్బు ఎలా వచ్చింది?

వాళ్లు చెప్పిందీ నిజమే కావచ్చు, మీ వీధిలో కామెర్లూ నిజమే. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు హెపటైటిస్ ఏ, ఈ అనే వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్ కడుపులోకి వెళ్లాక కళ్లు పచ్చబడడానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పట్టొచ్చు. ఇవాళ ఆస్పత్రికి వెళ్లినవాళ్లు తాగింది నెలరోజుల కిందటి నీళ్లు. ఆ నీళ్లు ఇప్పుడు పైపులో లేవు.

అసలు కిటుకు పైపులో ఉంది. మన ఊళ్లలో నీళ్లు ఇరవై నాలుగు గంటలు రావు. పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ అరగంట. నీళ్లు వస్తున్నంతసేపు పైపు లోపలి ఒత్తిడి మురికిని బయటికి నెడుతుంది. నీళ్లు ఆగాక పైపు ఖాళీ అవుతూ చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. మురుగు కాలువ పక్కనుంచో, దాని అడుగునుంచో పోయే పైపుకు చిన్న పగులున్నా చాలు. వానాకాలంలో కాలువ నిండి ఉంటుంది కాబట్టి అప్పుడే ఎక్కువ. దీనికి మనం చేసే ఘనకార్యం ఇంకొకటి: కుళాయికి నేరుగా మోటారు బిగించి గుంజడం. మీ మోటారు మీ ఇంటికి నీళ్లు తెస్తుంది, వీధి మొత్తానికి కాలువ నీళ్లు తెస్తుంది. ఇది రాస్తే పాఠకులకు కోపం వస్తుందని తెలుసు. రాయనీ.

మీరు చేయాల్సింది చెబుతాను. నీళ్లు వదిలిన మొదటి కొద్ది నిమిషాలు పట్టకుండా వదిలేయండి. తాగే నీళ్లు తెర్లేదాకా మరగబెట్టండి. ఈ వైరస్‌లు మరిగితే చస్తాయి, ఇక్కడ కాచడమే సరైన మందు. సంపు, పైన ట్యాంకు కడిగించి, 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు, అంటే సుమారు అర టీస్పూను, మగ్గులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోండి. మూత తెరిచి నెలలు ఉంచిన బ్లీచింగ్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, అది చల్లడమూ సుద్దపొడి చల్లడమూ ఒకటే. వీధిలో గర్భిణులు ఉంటే వాళ్లకు ప్రత్యేకంగా చెప్పండి. హెపటైటిస్-ఈ అనేది మామూలు మనుషుల్లో చాలావరకు దానంతట అదే తగ్గుతుంది కానీ నెలలు నిండుతున్నవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. కళ్లు పచ్చబడితే నాటువైద్యం అంటూ రోజులు గడపకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మునిసిపాలిటీ వాళ్లను ట్యాంకు దగ్గర కాదు, వీధిలో చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూడమనండి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. వైరస్ భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. సున్నా వచ్చిందంటే దారిలో ఎక్కడో మురుగు ఆ క్లోరిన్‌ను తినేసిందన్నమాట. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ పోతే పగులు దొరుకుతుంది.

ప్రశ్న: నేను వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను మేడమ్. జల కాలుష్యం రకాలు, కారణాలు, నష్టాలు పరీక్షకు వస్తాయన్నారు. మీ మాటల్లో చెబుతారా?

జాబితా గైడులో ఉంటుంది తల్లీ. నేను నిన్ను మూసీ వెంట తీసుకెళతాను, దాదాపు అన్ని రకాలూ ఆ ఒక్క నదిలోనే దొరుకుతాయి.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. అక్కడి నుంచి గండిపేట దాకా రెండు వైపులా పొలాలు, ఊళ్లు. వాన పడితే మట్టి, యూరియా, పురుగుమందు అన్నీ కొట్టుకొస్తాయి. ఇది ఏ ఒక్కరి గొట్టం నుంచీ రాదు, ఎవరినీ వేలెత్తి చూపలేం. దీన్నే నాన్ పాయింట్ సోర్స్ అంటారు. చట్టానికి చిక్కనిది ఇదే. 1908 వరద హైదరాబాద్ నగరాన్ని ముంచాక కట్టిన ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట చెరువు) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో తెచ్చారు. నగరం అటువైపు పెరిగేకొద్దీ ఆ జీవో చుట్టూ జరిగిన గొడవ నీకు తెలిసే ఉంటుంది.

గండిపేట దాటాక నగరం. నాలాలు ఒక్కొక్కటే వచ్చి కలుస్తాయి. ఇది పాయింట్ సోర్స్, గొట్టం ఎక్కడ తెరుచుకుందో చూపించగలం. నాలాలో మొదటిది మనుషుల మలమూత్రాలు, వంటింటి నీళ్లు, అంటే సేంద్రియ మలినం. బ్యాక్టీరియా దాన్ని తింటూ నీటిలోని ఆక్సిజన్ వాడేస్తాయి. ఎంత ఆక్సిజన్ కావాల్సి వస్తుందో చెప్పే కొలతే బీఓడీ. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. శుద్ధి చేయని మురుగులో 200 ఉండడం మామూలే. ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక పనిచేసే బ్యాక్టీరియా వేరే జాతివి, వంతెన మీద ముక్కు మూసుకునేలా చేసే కుళ్లు కోడిగుడ్డు వాసన వాటిదే. చేపలు చచ్చేది విషం వల్లనే అనుకోకు, చాలాసార్లు ఊపిరాడక చస్తాయి.

రెండోది రోగక్రిములు: కలరా, టైఫాయిడ్, విరేచనాలు, ఇందాక చెప్పిన కామెర్లు. మూడోది నత్రజని, భాస్వరం. సబ్బుపొడి, మురుగు, ఎరువు కలిసి నీటికి ఎరువు వేసినట్టవుతుంది. నాచు, గుర్రపుడెక్క కమ్ముకుని కింద వెలుతురు పోతుంది, అవి కుళ్లినప్పుడు మళ్లీ ఆక్సిజన్ కరువు. నాలుగోది ఫ్యాక్టరీల రసాయనాలు, సీసం, క్రోమియం లాంటి లోహాలు. కూకట్‌పల్లి నాలా దశాబ్దాల పాటు ఇలాంటివి హుస్సేన్‌సాగర్‌లోకి మోసింది. సేంద్రియ మలినం కొన్నాళ్లకు విరిగిపోతుంది. లోహం విరగదు, బురదలో కూర్చుని నాచులోకి, చేపలోకి, చేపను తిన్నవాళ్లలోకి ఎక్కుతుంది. ఇక వేడి కాలుష్యం మూసీలో చూపించలేను. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వేడినీళ్లు వదిలే కాలువల దగ్గర చూడాలి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది.

నగరం దాటాక గైడులో రాయని సంగతి ఒకటుంది. ఈ నీళ్లతోనే కింది ఊళ్లలో వరి, ఆకుకూరలు, పశువుల గడ్డి పండుతాయి. నగరానికొచ్చే పాలలో కొన్ని ఆ గడ్డి తిన్న గేదెలవి. మురుగు కాబట్టి ఏడాది పొడుగునా నీళ్లుంటాయి, రైతుకు అదో ఆసరా. చేతులకు, కాళ్లకు దురదలు, నులిపురుగులు దాని ఖరీదు. దారిలో కత్వలు, అంటే చిన్న ఆనకట్టలు, చాలా ఉన్నాయి. కత్వ వెనక నీరు నిలిచి, మడ్డి దిగి, ఎండ తగిలి, ఊరూరికీ కాస్త తేరుకుంటుంది. క్రిములు, బీఓడీ తగ్గుతాయి, కరిగిన ఉప్పులు మాత్రం తగ్గవు. చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ దారంతా ఒక పేజీలో రాయి, మార్కులు ఎందుకివ్వరో చూద్దాం.

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర మా ఊరు. రాత్రిపూట, ముఖ్యంగా గట్టి వాన పడినప్పుడు, వాగు రంగు మారి ఘాటు వాసన వస్తుంది. తెల్లారేసరికి మామూలుగా ఉంటుంది. తాగడానికి ఎప్పుడో మానేశాం. ఆర్వో పెట్టుకుంటే బోరు నీళ్లు తాగొచ్చా?

తాగొద్దు. ఆర్వో ఉప్పులను బాగా ఆపుతుంది కానీ మందుల తయారీలో వాడే కొన్ని చిన్న ద్రావకాలు దాని పొర లోంచి జారిపోతాయి. మీ నీళ్లలో ఏ రసాయనం ఉందో ఇంట్లో తెలుసుకునే దారి లేదు.

మీ ప్రాంతానిది చాలా పాత కథ. 1970ల నుంచి అక్కడ పరిశ్రమలు వచ్చాయి, వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరాయి. 1990లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆదేశాలు, ఉమ్మడి శుద్ధి కేంద్రం అన్నీ అయ్యాక 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాత సంగతండీ ఇది.

దాని ప్రమాదం కేవలం మీ ఊరిది కాదు. వాగులో కోట్ల బ్యాక్టీరియా పగలూ రాత్రీ ఆ మందులో మునిగి ఉంటే, తట్టుకున్నవే మిగిలి పెరుగుతాయి. ఆ తట్టుకునే గుణాన్ని పక్క బ్యాక్టీరియాకు అందిస్తాయి కూడా. రేపు ఎక్కడో ఒకరికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే మామూలు మాత్ర పనిచేయదు.

రాత్రి, వాన చూసుకుని వదలడం పాత ఎత్తే. వాన నీళ్లలో పలచబడుతుంది, తెల్లారి అధికారి వచ్చేసరికి వాగు అమాయకంగా ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, గంట, వీడియో, ఏ కల్వర్టు దగ్గర అన్నది రాయండి. మీరే సీసాలో పట్టి ఇచ్చిన శాంపిల్ కోర్టులో చెల్లదు. 1974 జల చట్టం ప్రకారం మండలి అధికారులు పద్ధతిగా తీసిందే చెల్లుతుంది. అలాగని మీరు పట్టడం దండగ కాదు, ఏం వెతకాలో వాళ్లకు తెలుస్తుంది. ఒక్కరే కాకుండా ఊరి తరఫున పంచాయతీ తీర్మానంతో పెడితే బరువుంటుంది.

ప్రశ్న: భీమవరం పక్కన మా ఊరు. చుట్టూ వనామీ రొయ్యల చెరువులయ్యాయి. పదేళ్ల కిందట తాగిన బోరు ఇప్పుడు నోట పెట్టలేం. రొయ్యల చెరువు వల్లేనా? అవతలివాడు మా పెదనాన్న కొడుకే, గొడవ పడలేకపోతున్నాం.

మీ కష్టం అర్థమైంది. మీ అన్నయ్య మంచివాడే అయ్యుంటాడు, ఆయన చెరువు మాత్రం ఉప్పగానే ఉంటుంది. వనామీకి ఉప్పదనం కావాలని లోతు బోర్ల నుంచి ఉప్పునీళ్లు తోడి, తియ్యటి నేల మీద నెలల తరబడి నిలవ ఉంచుతారు. అది కిందికి ఇంకుతుంది. పట్టుబడి అయ్యాక వదిలేసిన నీళ్లు, మేత మడ్డి మురుగు కాలువల్లోకి, కొన్నిచోట్ల పంట కాలువల్లోకీ పోతాయి. అయితే అందరూ మంచినీళ్ల బోర్లు తోడేస్తుంటే కింద ఉన్న పాత ఉప్పునీరు తనంతట తానూ పైకొస్తుంది. ఎంతెంత వాటా అన్నది మీ బోరు, పక్క ఊరి బోర్ల క్లోరైడ్ రిపోర్టులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1000.

నాకు మీ బోరు కంటే మీ ఊరి మంచినీళ్ల చెరువు గురించి భయం. కాలువ వదిలినప్పుడు అది నింపుకుని, కాలువలు కట్టేసిన వేసవిలో ఆ నీళ్లతోనే గడుపుతారు కదా. చెరువు నింపే ముందు కాలువలో మొదటి రోజుల నీళ్లు పోనివ్వాలి, దారిలోని ఊళ్ల చెత్తంతా వాటిలోనే వస్తుంది. గట్టు పక్కన రొయ్యల చెరువు ఉంటే మధ్యలో ఊట కాలువ తీయించమని పంచాయతీలో అడగండి. అన్నయ్యతో గొడవ అక్కర్లేదు, ఆయన పిల్లలూ ఆ చెరువు నీళ్లే తాగుతారు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. నేను కువైట్‌లో ఉంటున్నాను. మా వాళ్లకు కిడ్నీ జబ్బు నీళ్ల వల్లేనా? బోరు మార్పించనా?

మీ ప్రాంతపు కిడ్నీ జబ్బుకు ‘ఇదీ కారణం’ అని శాస్త్రవేత్తలు ఇంతవరకు ఒక్కదాన్ని తేల్చలేదు. నీళ్లలోని సిలికాను, లోహాలను అనుమానించారు. ఎండలో తోటపని చేస్తూ ఒళ్లు ఎండిపోవడాన్ని, నొప్పి మాత్రల వాడకాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. కాబట్టి కొత్త బోరుకు లక్షలు పోస్తే జబ్బు ఆగుతుందని నేను చెప్పలేను. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. మీ ఊరికి ఆ కుళాయి వస్తుంటే అవే తాగమనండి. డబ్బు పంపేటట్టయితే ఇంట్లో పెద్దవాళ్లందరికీ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, బీపీ చూపించడానికి పంపండి. ఒళ్లు నొప్పులకు సొంతంగా మాత్రలు వేసుకోవద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: కరీంనగర్‌లో వంద గజాల్లో ఇల్లు కడుతున్నాం. సెప్టిక్ ట్యాంకుకు, బోరుకు ఎంత దూరం ఉండాలి? ఏ ఫిల్టరు పెట్టమంటారు?

సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ బోరుకూ కనీసం 15 మీటర్లు, అంటే యాభై అడుగులు ఉండాలి. వంద గజాల్లో అది కుదరదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ బోరు మీ గుంతకు దూరంగా జరిగితే పక్కింటి గుంతకు దగ్గరవుతుంది. అందుకే కొత్త కాలనీల బోర్లలో నైట్రేట్ ఎక్కువగా కనిపిస్తుంది. దానికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, మినహాయింపు లేదు. ఆర్నెల్ల లోపు పసిపిల్లలకు పాలపొడి కలిపే నీళ్లలో ఇది ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. కాచితే ఇదీ చిక్కబడుతుంది. మీ కాలనీకి మానేరు నీళ్ల కనెక్షన్ వస్తే తాగడానికి అదే వాడి, బోరు మిగతా పనులకు ఉంచుకోండి.

ఫిల్టరు అడిగారు కాబట్టి: క్రిములు మాత్రమే ఉంటే యూవీ చాలు, మరిగించినా చాలు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పులు ఎక్కువుంటే ఆర్వో. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండి ఫ్లోరైడ్, నైట్రేట్ బాగానే ఉంటే ఆర్వో దండగ. బిందె నీళ్లకు బిందెకు పైనే పారబోస్తుంది. ఆ పారబోసే నీళ్లను ఇల్లు తుడవడానికి పట్టుకోండి, ఇంకుడు గుంతలో మాత్రం వదలొద్దు. ఉప్పంతా మళ్లీ బోరులోకే దిగుతుంది.

చిన్న ప్రశ్నలు

*బోరు నీళ్లు పట్టగానే తేటగా ఉండి, కాసేపటికి పసుపుగా మారుతున్నాయి (ఖమ్మం).* ఇనుము. గాలి తగిలి తుప్పుగా మారుతోంది. ఆరోగ్యానికి పెద్ద ముప్పు లేదు, తెల్లబట్టలకే ముప్పు. పెద్ద తొట్టిలో ధారగా పోసి, ఒక పూట నిలబెట్టి, పై తేట వాడుకోండి.

*అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి వేసేది. ఇప్పుడు వేయొచ్చా? (రాజమండ్రి)* వేయొచ్చు. గోదావరి ఎర్రనీళ్లలో బురదను చక్కగా దించుతుంది, పటిక చేసే పనే. తేటపడ్డాక కాచుకోండి, క్రిములు దానికి చావవు.

*రాగి బిందెలో రాత్రంతా ఉంచితే ఫిల్టరు అక్కర్లేదంటున్నారు (తిరుపతి).* కొన్ని బ్యాక్టీరియా తగ్గుతాయి, నిజమే. ఫ్లోరైడ్, నైట్రేట్, పురుగుమందుల జోలికి రాగి పోదు. బిందె లోపల పచ్చగా చిలుము పడితే తోమండి.

*వినాయకుడి బొమ్మ మట్టిదైతే రంగు ఏదైనా పరవాలేదా? (నిజామాబాద్)* పరవా ఉంది. మట్టి కరుగుతుంది, మెరుపు రంగుల్లో సీసం, క్రోమియం లాంటివి ఉండొచ్చు. పసుపు, కుంకుమ చాలవా స్వామికి?

ప్రశ్న: పరీక్ష చేయించమని ప్రతి నెలా అంటారు. శాంపిల్ ఎలా పట్టాలి, ఎక్కడ ఇవ్వాలి? (కర్నూలు)

జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో కొద్దిపాటి ఫీజుకు బయటివాళ్ల శాంపిళ్లూ తీసుకుంటారు. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు టెస్ట్ కిట్‌తో పరీక్ష చేయడం నేర్పాలని నిబంధన ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీలో అడగండి.

రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ క్యాను చాలు. కూల్‌డ్రింక్ సీసాలు, నూనె డబ్బాలు తేవద్దు. బోరు ఐదు పది నిమిషాలు నడవనిచ్చి, అదే నీళ్లతో క్యాను మూడుసార్లు తొలిచి, మూతి దాకా నింపి బిగించండి. ఊరు, బోరు లోతు, తేదీ కాగితం మీద రాసి అంటించండి. ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్, గట్టిదనం, టీడీఎస్, ఇనుము చూడమని రాసివ్వండి.

క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబు వాళ్లిచ్చే సీసాలోనే పట్టాలి. దాన్ని తొలవకూడదు, లోపల క్లోరిన్‌ను విరిచే మందు వేసి ఉంటుంది. మూత లోపలి వైపు వేలు తగలనివ్వొద్దు. ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు చేర్చితే మంచిది, ఇరవై నాలుగు గంటలు దాటితే ఆ రిపోర్టుకు విలువ లేదు. 100 మిల్లీలీటర్లలో ఇ.కోలై, అంటే మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా, ఒక్కటి కూడా కనపడకూడదు.

ఊళ్లో ఒక్కసారిగా చాలామందికి జబ్బు చేస్తే అదే గంటలో నీళ్లు పట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా ఫిట్స్‌తో, కళ్లు తిరిగి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది, తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. అలాంటి సమయంలో మొదటి రోజు పట్టిన సీసా ఒక్కటున్నా వెతికేవాళ్లకు పని సులువవుతుంది. మామూలు రోజుల్లో అయితే ఏడాదికి రెండుసార్లు చాలు: నడి వేసవిలో ఒకటి, తొలకరి పడ్డ పది పదిహేను రోజులకు ఒకటి. రిపోర్టు జిరాక్సు జతచేసి రాస్తే ఫిల్టరు అవసరమో కాదో వచ్చే నెల చెబుతాను.